నా పేరున్న కాయితం

“చెల్లే, ఆ కాయితం ఇంకున్నదా?” అనడిగిండు అన్న, దవాఖానల. “ఉన్నదన్నా, పెట్టెల పెట్టిన,” అని చెప్పిన. నవ్విండు. గవే మా ఆఖరి మాటలు.

ఇయ్యాల మనుమరాలు మాయల రాజ్యాల కతలున్న లావు పుస్తకం తెరిస్తే, ఆ కాయితాల వాసనకు నాయిన మిరప దుకాణం యాదికొచ్చింది. పొట్లాలకు తెచ్చిన పాత పత్రికలల్ల కతలు అన్న సదివేటోడు. నేను తొడిమెలు తీసుకుంట ఇనేదాన్ని. ఒకపారి, రాక్షసుని సంపిన రాణికి నా పేరే ఉన్నదన్నడు.

“నా పేరు అచ్చేసిండ్రా?” అనడిగిన.

“గిదేందే, పిచ్చిదానా!” అని వేలు పెట్టి చూపిచ్చిండు.

నాకు అక్షరం రాదు. ఆ కాయితం పొట్లం కట్టనియ్యక దాసుకున్న.

దాన్ని ఇయ్యాల మనుమరాలితోని సదివిచ్చిన. సబ్బుల ప్రకటనంట. రాణీ లేదు, నా పేరూ లేదు. అన్న అల్లిన కతనే.

నేను చెప్తాంటె ఈ ముచ్చట రాసేది గూడ ఆ పిల్లే. రాణి కాడ నా పేరు రాసినవా, బిడ్డా? ఏదీ, ఒకపారి సదువు.