పదిహేడు ఒకట్లు

మా మామయ్య ముప్పై ఒక్క ఏళ్లు ఓ తొమ్మిదంతస్తుల ఆఫీసు భవనంలో లిఫ్ట్ నడిపాడు. ఖాళీ దొరికినప్పుడల్లా స్టూలు మీద కూర్చుని, ఒళ్లో నోటుబుక్కు పెట్టుకుని భాగహారాలు చేసేవాడు. అందరూ ఆయన్ని శేషంగారనే పిలిచేవాళ్లు. "ఇవాళ్టి శేషమెంతండీ?" అని అడగనిదే మూడో అంతస్తు టైపిస్టుకు పొద్దు గడిచేది కాదు.

ఆయన పట్టుకున్న సంఖ్య, వరసగా పదిహేడు ఒకట్లు. దాన్ని శేషం లేకుండా భాగించేది ఏదైనా ఉందా, లేక అదే ప్రధాన సంఖ్యా? అది తేల్చుకోవడమే ఆయన జీవితాశయం. ఉంటేగింటే, ముప్పై నాలుగుతో భాగిస్తే ఒకటి మిగిలే ప్రధాన సంఖ్యల్లోనే ఉండాలని ఏదో పాత పుస్తకంలో చదివాడు. నూట మూడుతో మొదలుపెట్టి, నూట ముప్పై ఏడు, అలా పైకి పోతూనే ఉన్నాడు. కంప్యూటర్‌ని అడగొచ్చుగా అంటే కస్సుమనేవాడు. "అది చెబితే దానికి తెలిసినట్టు. నాకు తెలిసినట్టెలా అవుతుంది?" మా అత్తయ్య ఆ సంఖ్యను "నా సవతి" అనేది.

ప్రతి భాగహారం ఇద్దరు విడివిడిగా చేయాలి, ఇద్దరి శేషాలూ కలిస్తేనే కొట్టేయాలి. అదీ ఆయన నియమం. ఆ రెండో మనిషిని నేను. కాలేజీ నుంచి వచ్చి వాళ్ల వంటింటి బల్ల దగ్గర కూర్చునేదాన్ని. మొదటి నెల బుద్ధిగానే చేశాను. తర్వాత, ఆయన కాళ్లు కడుక్కోవడానికి వెళ్లగానే ఆయన పుస్తకంలోకి తొంగిచూసి శేషం దించేసి, పైన నాలుగు వరసలు గీకేసేదాన్ని. ఎలాగూ సున్నా రాదు, ఏం కొంప మునుగుతుందిలే అనుకున్నాను. పెళ్లయి వెళ్లాక ఫోన్లో సాగింది మా లెక్క. "నీకెంతొచ్చింది మామయ్యా?" అని ముందే అడిగి, "నాకూ అంతే" అనేదాన్ని; వాళ్లింటికి వెళ్లినప్పుడు అక్కడున్న నా పుస్తకంలో ఎక్కించేదాన్ని. మా మేనకోడలి లెక్క తప్పు పోదని ఆయన ఊరంతా చెప్పుకునేవాడు.

పోయిన నెల ఆఫీసులో ఊసుపోక ఆ పదిహేడు ఒకట్లూ కంప్యూటర్లో కొట్టాను. రెప్పపాటులో రెండు సంఖ్యలు వచ్చాయి. చిన్నది 20,71,723. మామయ్య అప్పటికే నలభై లక్షలు దాటాడు.

మర్నాడే వాళ్లింటికి వెళ్లి పాత పుస్తకాలు వెతికాను. పదకొండేళ్ల కిందటి పేజీ. నాలుగో వరస తీసివేతలో ఆయన పప్పులో కాలేశాడు. శేషం 61,402. పక్క పుస్తకంలో నా చేతిరాతతో అదే 61,402. ఆ రోజు నేను అరగంట కూర్చుని ఉంటే ఆయనకు పదకొండేళ్లు మిగిలేవి.

"ఇదొక్కటి మళ్లీ చెయ్యి మామయ్యా" అన్నాను. ఆయనకిప్పుడు డెబ్బై ఎనిమిది. భూతద్దం పట్టుకుని మెల్లగా చేశాడు. సున్నా వచ్చింది. కాసేపు చిన్నపిల్లాడిలా నవ్వాడు. తర్వాత పాత పేజీలు రెండూ పక్కపక్కన పెట్టుకున్నాడు.

"నేను తప్పు చేశాను, సరే. నీకూ అదే తప్పెలా వచ్చింది?"

"చేయలేదు మామయ్యా. నీది చూసి రాశాను."

"ఇదొక్కటేనా?"

నేను నా పాత పుస్తకం మూసేశాను.

"భాగఫలం పెద్దది వచ్చిందే, అది ఇంకా విడిపోతుందో లేదో తేలాలంటే, దాని వర్గమూలం దాకా, అంటే డెబ్బై మూడు వేల చిల్లర లోపు మనం కొట్టేసినవన్నీ నిజం కావాలి. పోనీ అవైనా చేశావా?"

"మొదటి నెలవి చేశాను."

ఆయన కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. కొత్త పుస్తకం తీసి పైన నూట మూడు అని రాశాడు. నేను కుర్చీ లాక్కుని, "ఈసారి నిజంగా చేస్తాను, రోజూ వస్తాను" అన్నాను.

"వద్దులే తల్లీ, ఎందుకు నీకు శ్రమ" అన్నాడు. "నేనొక్కణ్ణే రెండేసిసార్లు చేసుకుంటాను."