నాన్న ప్రార్థన మీద వేయించిన పాట

మా సంఘంలో ఏ అమ్మాయికి పెళ్లి కుదిరినా ఏదో ఒక ఆదివారం ఆరాధన అయ్యాక నా దగ్గరికి వచ్చి, "ఆంటీ, ఖర్చు ఎక్కడ తగ్గించుకోవచ్చో చెప్పండి" అని అడుగుతుంది. నా పెళ్లి ఆర్భాటం గురించి వాళ్ల అమ్మలు చెప్పే ఉంటారు. నేనేమీ దాచను. ముందు చేతి తొడుగులు మానెయ్యమంటాను. మే నెలలో, సికింద్రాబాద్ ఎండలో, మోచేతుల దాకా తెల్లటి తొడుగులు వేసుకున్న మహాతల్లిని నేను. ఉంగరం పెట్టే సమయానికి అవి చెమటకు అతుక్కుపోయి ఊడి రాలేదు. అయ్యగారు బైబిలు పట్టుకుని ఓపికగా నిలబడి ఉంటే, మా ఆయన కోడికి ఈకలు పీకినట్టు నా వేళ్లు ఒక్కొక్కటే లాగారు. మారేడ్‌పల్లి గుడి నిండా ఉన్న జనం నవ్వాపుకోలేక పాటల పుస్తకాలు మొహాలకు అడ్డం పెట్టుకున్నారు.

తర్వాత కేకు. అయిదంతస్తుల కేకు అన్నారు. అందులో నాలుగంతస్తులు థర్మాకోల్, పైన క్రీము. కొయ్యాల్సిన చోట రిబ్బన్ ముక్క గుర్తు పెట్టి మరీ చెప్పారు. మా ఆయన ఉత్సాహం కొద్దీ ఇంకో చోట కత్తి దింపారు. ఆ కీచుమన్న చప్పుడు మైకులో అందరికీ వినపడింది.

ఇవన్నీ చెప్పి ఆ అమ్మాయిల్ని నవ్విస్తాను. నిజానికి వీటి గురించి నాకు బాధేం లేదు, పోతే పోయాయి. ఒక్క ఖర్చు తలుచుకుంటే మాత్రం ఇప్పటికీ నా మీద నాకే కోపం వస్తుంది. అది పెళ్లి వీడియోకు పెట్టిన మిక్సింగ్ ఖర్చు.

దాని సంగతి చెప్పాలంటే ముందు మా నాన్న సంగతి చెప్పాలి. గుంటూరు వైపు నుంచి రైల్వే ఆఫీసులో ఉద్యోగానికి వచ్చి కార్ఖానాలో స్థిరపడ్డ మనిషి. పిల్లలతో మాట్లాడటం ఆయనకు చేతకాదు. "తిన్నావా", "చదివావా", ఇంతే. కానీ రోజూ పొద్దున్నా సాయంత్రమూ కుటుంబ ప్రార్థన చేసేవారు. కళ్లు మూసుకున్నారంటే ఆ నోరు తెరుచుకునేది. ఉప్మా చల్లారిపోయేది, మా చెల్లి నా భుజం మీద కునుకు తీసేది, ఆయన ఆపేవారు కారు. మాతో చెప్పనివన్నీ దేవుడితో చెప్పేవారు. నాకు లెక్కల్లో మార్కులు తగ్గితే నన్ను ఒక్క మాట అనలేదు. రాత్రి ప్రార్థనలో మాత్రం "ఈ బిడ్డ లెక్కల్లో వెనకబడుతోంది ప్రభువా" అని పక్క వాటా వాళ్లకు కూడా వినపడేలా విన్నవించారు. నాకు ఉద్యోగం వచ్చిన రోజు కాగితం చూసి "ఊఁ, మంచిది" అని తిరిగి ఇచ్చేశారు. నేను అలిగి కూర్చున్నాను. ఆ సాయంత్రం ప్రార్థనలో నా గురించి ఆయన చాలాసేపు కృతజ్ఞతలు చెప్పారు. నా అలక అక్కడే తీరిపోయింది. ఆయన నా గురించి ఏమనుకుంటున్నారో తెలుసుకోవడానికి మా ఇంట్లో నాకు ఉన్న దారి అదొక్కటే.

మా వాళ్లలో పెళ్లికూతురు గుడికి బయలుదేరే ముందు ఇంట్లో పెద్దవాళ్లు ప్రార్థన చేసి పంపుతారు. ఆ రోజు నాన్నే చేశారు. ముందు గదిలో చుట్టాలతో నిలబడ్డాం. నేను ఆయన పక్కనే, నా మోచెయ్యి ఆయన కోటుకు తగిలేంత దగ్గర. వీడియో తీసే అతను పెద్ద లైటు తెచ్చి మా మొహాల మీద పెట్టాడు. మొహానికి రాసిన పౌడరు కారిపోతోంది. తల మీద తెల్లటి వల ముసుగుకు పెట్టిన పిన్ను నెత్తిలో గుచ్చుకుంటోంది. బయట కారు హారన్ కొడుతోంది. ప్రార్థన మధ్యలో వీడియో అతను చేత్తో సైగ చేసి, "మేడం, జెర ఇటు తిరుగుండ్రి" అని గుసగుసలాడాడు. తిరిగాను. నాన్న ఏదో చెప్తూనే ఉన్నారు. వీడియోలో వస్తుంది కదా, తర్వాత తీరిగ్గా వినొచ్చు అనుకున్నాను. ఈ మాట నేను నిజంగా అనుకున్నాను, బాగా గుర్తుంది.

పెళ్లయిన వారానికి వీడియో అతను నేరేడ్‌మెట్‌లో మా అత్తగారింటికి వచ్చాడు. "ఉన్నదున్నట్టు క్యాసెట్ ఇయ్యమంటే ఇస్త సార్. కానీ అంతా లొల్లి లొల్లి ఉంటది. మిక్సింగ్ చేయిస్తే పాటలొస్తయి, డిజైన్లొస్తయి, సినిమా లెక్క ఉంటది" అన్నాడు. దానికి వేరే డబ్బు, అదీ తక్కువేం కాదు. మా ఆయన నా వైపు చూసి, "పెళ్లి ఒక్కసారే కదా చేసుకునేది" అన్నారు. తొడుగుల నుంచి కేకు దాకా మా పెళ్లిలో ప్రతి దండగ ఖర్చుకూ ముందు వినపడిన మాట అదే. నేను కూడా సంబరంగా తలూపాను. ఇద్దరం కూర్చుని ఏ పాట ఎక్కడ రావాలో చెప్పాం.

క్యాసెట్ వచ్చిన రోజు అమ్మా నాన్నా కూడా చూడటానికి వచ్చారు. మా ఇద్దరినీ ఒక గులాబీ పువ్వులోంచి బయటికి తెచ్చి, ఏదో మంచు కొండల మీద గిరగిరా తిప్పి వదిలాడు. అందరం చప్పట్లు కొట్టాం. తర్వాత మా ముందు గది, కోటు వేసుకున్న నాన్న. ఆయన పెదవులు కదులుతున్నాయి. వినపడుతున్నది మేం ఎంచుకున్న భక్తి పాట, పిల్లనగ్రోవితో సహా. నాన్న వైపు చూశాను. ఆయన చేతులు కట్టుకుని చివరి దాకా చూసి, "పాట బాగుందమ్మా" అన్నారు.

అప్పుడైనా అసలు క్యాసెట్ కోసం వీడియో అతని దగ్గరికి పరుగెత్తాల్సింది. నాన్న ఉన్నారు కదా, రోజూ ప్రార్థన చేస్తూనే ఉన్నారు కదా అనే ధీమా. ఆ రోజు ఏమన్నారు నాన్నా అని అడగడానికి మొహమాటం. మా నాన్నను అలా ఎదురుగా అడగడం మా ఇంట్లో ఎవరికీ అలవాటు లేదు.

కొన్నేళ్లకు ఆయన గుండెపోటుతో పోయారు. జ్ఞాపకార్థ కూటం పెట్టినప్పుడు ఫోటోలు బోలెడు దొరికాయి గానీ ఆయన గొంతు ఎక్కడా లేదు. ఎవరూ ఎప్పుడూ రికార్డు చెయ్యలేదు. చేసిన ఒక్కసారీ మేం డబ్బిచ్చి చెరిపించుకున్నాం. ఆ రోజు నా గురించి ఆయన దేవుడికి ఏం చెప్పారో నాకు తెలియాలి. ఆ కోరిక ఎంత గట్టిగా పట్టుకుందంటే, కూటం అయిన మర్నాడే ఆ వీడియో షాపును వెతుక్కుంటూ వెళ్లాను. అతను నన్ను గుర్తుపట్టి కుర్చీ వేశాడు. చెప్పిందంతా విని తల గోక్కున్నాడు.

"మిక్సింగ్ అయినంక అసలు క్యాసెట్ ఎవరు పెట్టుకుంటరమ్మా? దాని మీదనే ఇంకో పెండ్లి తీస్తుంటిమి. అప్పుడే అడిగితే ఇచ్చేటోణ్ణి. మీకు పైసలు సుత మిగులుతుండె."

అతని తప్పేం లేదు. అయినా మెట్లు దిగుతూ అతన్నీ, మా ఆయన్నీ, పిల్లనగ్రోవి ఊదిన ఆ మనిషినీ అందర్నీ తిట్టుకున్నాను.

ఆ కోపంతోనే అమ్మ దగ్గరికి వెళ్లి క్యాసెట్ పెట్టాను. నాన్న తెర మీదికి రాగానే టీవీ గొంతు నొక్కేశాను. ఆ పాట ఇక వినలేను. అమ్మ చాప మీద కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. తలెత్తి చూసింది. చూస్తూ చూస్తూ మెల్లగా మొదలుపెట్టింది.

"పరిశుద్ధుడవైన తండ్రీ, నీకు వందనాలు. గడచిన రాత్రి మమ్మల్ని కాచి కాపాడి, ఈ ఉదయాన సజీవుల లెక్కలో ఉంచినందుకు నీకు స్తోత్రం..."

నాన్న పెదవులూ అమ్మ గొంతూ కలిసిపోయాయి. ఇన్నేళ్లు ఆయన ప్రార్థనను రోజుకు రెండుసార్లు విన్న మనిషి అమ్మ. ఎక్కడ ఊపిరి తీసుకుంటారో, ఎక్కడ సాగదీస్తారో అన్నీ తెలుసు. ప్రార్థనలోకి ప్రయాణంలో ఉన్నవాళ్లు వచ్చారు, జబ్బుపడ్డవాళ్లు వచ్చారు. నేను చాప అంచున కూర్చుని వింటున్నాను.

"ఇదిగో, ఇక్కడ నీ పేరు ఎత్తారు" అంది అమ్మ. తర్వాత ఆగిపోయింది.

"ఆపావేం? చెప్పమ్మా."

అమ్మ చేతిలో చిక్కుడుకాయ పక్కన పెట్టి తెరకు దగ్గరగా జరిగింది. వెనక్కి తిప్పి మళ్లీ పెట్టాను. మళ్లీ అక్కడిదాకా వచ్చి ఆగిపోయింది.

"ఇది నాకు తెలీదే. రోజూ అనే మాటలు కావు. ఇది నీ కోసం, ఆ పూటకే అన్నారు" అంది. "నేను అప్పుడు వాకిట్లో మీ అత్తగారి వాళ్లకు కాఫీలు ఇస్తున్నా. నువ్వు పక్కనే ఉన్నావు కదా?"

తెర మీద నాన్న ఇంకా చెప్తున్నారు. చాలాసేపే చెప్పారు. పక్కన తెల్లచీర కట్టుకున్న నేను కెమెరా వైపు తిరిగి ఉన్నాను. చివరికి ఆయన తల ఎత్తారు. గదిలో అందరి పెదవులూ ఒకేసారి కదిలాయి, నావీ కదిలాయి.

"చూడు, ఆమేన్ అన్నావు కదే" అంది అమ్మ, నా వీపు మీద చెయ్యి వేసి.

"ఏం అడిగారో వినకుండానే అన్నానమ్మా" అని ఆవిడ ఒళ్లో తల పెట్టి ఏడ్చాను.