ఇద్దరు కూర్చునే ఉయ్యాల

అమెరికాలోని బాతెల్‌లో మా పక్కింటావిడ దగ్గరికి ఇండియా నుంచి వచ్చిన వాళ్ల నాన్నగారు రిటైరైన బస్సు కండక్టరు. ఖాళీ సోఫాలో ఒక్కరే కూర్చున్నా, ఓ అంచుకి జరిగి పక్కన చోటు వదిలేవారు.

ఆ వేసవిలో పెరట్లోకి హమ్మింగ్‌బర్డ్‌లు రావాలని ఆయన ఉయ్యాల చేశారు. హ్యాంగర్ తీగ వంచి, అడుగున జానెడు వెదురు పుల్ల కట్టి, పంచదార నీళ్ల సీసా పక్కన వేలాడదీశారు.

"బొటనవేలంత పిట్టకి బెత్తెడు చాలదా అంకుల్?" అన్నాను.

"మరి రెండోది వస్తే నిలబడాలా అమ్మా?"

రెండోది వచ్చింది. మొదటిది దాన్ని కంచె దాటేదాకా తరిమికొట్టి, తిరిగొచ్చి సరిగ్గా పుల్ల మధ్యలో కూర్చుంది.

"టికెట్ కొననోళ్లు కూడా ఇంత దబాయించరమ్మా!"

ఆయనకి పౌరుషం వచ్చింది. ఈసారి మూరెడు పుల్ల కట్టారు. పిట్ట మళ్లీ మధ్యలోనే కూర్చుంది. రోజూ పొద్దున్నే కింద నిలబడి, బస్సులో జనాన్ని సర్దినట్టు చెయ్యి ఊపుతూ, "కాస్త జరగమ్మా, జరుగు" అని బతిమాలేవారు. ఆయన తిరిగి ఇండియా ఫ్లైట్ ఎక్కే రోజు దాకా అది మాట వినలేదు.

నిన్న మా డెక్ మీద ఒక్కదాన్నే కాఫీ తాగుతూ కంచె అవతలికి చూశాను. మూరెడు పుల్ల మధ్యలో ఆ పిట్ట దర్జాగా ఊగుతోంది.

నేను మాత్రం బెంచీ అంచుకి జరిగి కూర్చుని ఉన్నాను.