వెనక్కి తీసుకున్న ప్రశ్న

శాసనమండలిలో నా సీటు తలుపు పక్కన. పార్టీ లేనివాణ్ణి ఎక్కడ కూర్చోబెట్టాలో తెలియక అక్కడ కూర్చోబెట్టారు. పెద్ద పార్టీలు మాట్లాడి, చిన్న పార్టీలు మాట్లాడి, మంత్రిగారు జవాబు కోసం కాగితాలు సర్దుకుంటున్న వేళకి చైర్మన్‌గారు నా వైపు చూసి, "ఇండిపెండెంట్ సభ్యులు, రెండు నిమిషాలు" అంటారు. అందులో సగం నమస్కారాలకే పోతుంది. మిగిలిన సగంలో అసలు విషయానికి వచ్చేసరికి గంట మోగుతుంది.

ఆ రెండు నిమిషాల కోసం పొద్దున్నుంచీ బల్ల కింద నా కాలు ఊగుతూనే ఉంటుంది. పక్క సీటాయన ఒకసారి, "మాస్టారూ, మీరు లేచి మాట్లాడేదాకా మా బల్లకి శాంతి లేదండి" అన్నాడు.

నేను అమలాపురంలో బట్టల కొట్టులో పెరిగాను. తర్వాత ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పాను, ఆ తర్వాత ఏ జెండా లేకుండా ఉపాధ్యాయుల ఎన్నికలో నెగ్గాను. అయినా లోపలున్నది కొట్టువాడే. మా నాన్న దగ్గర నేర్చుకున్న మొదటి పాఠం, ధర నలుగురి ముందు తగ్గించకూడదని. మనిషిని పక్కకి తీసుకెళ్లి, "మీకొక్కరికే ఇస్తన్నానండి, బయట అనకండి" అని చెవిలో చెప్పాలి. నలుగురిలో తగ్గిస్తే నలుగురికీ తగ్గించాల్సి వస్తుంది కదా.

మండలిలో నిమిషాలు కూడా ఇలాగే సంపాదించేవాణ్ణి. సాగునీటి చర్చలో నా నిమిషం మీరు తీసుకోండి, చదువుల చర్చలో మీ నిమిషం నాకివ్వండి అని లాబీలో బేరాలు కుదుర్చుకునేవాణ్ణి. చైర్మన్‌గారు చూసీ చూడనట్టు ఊరుకునేవారు. ఒక్కోరోజు నా రెండు నిమిషాలు ఐదయ్యేవి. ఆ రోజుల్లో నా అంత తెలివైనవాడు ఆ భవనంలో లేడని నాకు గట్టి నమ్మకం.

అప్పుడొచ్చారు ఆ టీచరమ్మగారు. కపిలేశ్వరపురం దగ్గర గోదావరి మధ్యలో ఉన్న ఒక లంకలో ప్రాథమిక పాఠశాల ఆవిడది. హెడ్మాస్టరూ ఆవిడే, ఉన్న ఒక్క టీచరూ ఆవిడే. వాళ్ల తాతగారు ఆ లంకలోనే కూలికి వెళ్లేవారట. ఆ ఇంట్లో మొదట చదువుకున్నది వాళ్లమ్మ, అదీ మిషన్ బడిలో.

"వందనాలండి మాస్టారూ. నిలబడే చెబుతానండి. కూచుంటే మాట రాదండి నాకు."

పిల్లలు తక్కువగా ఉన్న బడికి కిలోమీటరు లోపల ఇంకో బడి ఉంటే రెండూ కలిపేయాలని ఉత్తర్వు. ఆవిడ బళ్లో పంతొమ్మిది మంది.

"ఏటిగట్టు మీద బడి మీకెంత దూరమమ్మా?"

"ముప్పావు కిలోమీటరని రాసేరండి. మజ్జిలో గోదారుందని మాత్రం ఎవరూ రాయలేదండి."

ఆ రోజే ప్రశ్న రాసి పంపాను. నది అడ్డంగా ఉన్నచోట కిలోమీటరు లెక్క ఎలా వర్తిస్తుందని అడిగాను. సమావేశాల్లో దానికి వంతు వచ్చింది. ఆ పొద్దున్న నేను లాబీలో కాఫీ తాగుతుంటే విద్యా మంత్రిగారే వచ్చి భుజం మీద చెయ్యి వేసి, కిటికీ వైపు తీసుకెళ్లారు.

"మాస్టారూ, మీ ప్రశ్న సభలోకొస్తే ఏటిపక్క ఊళ్లన్నీ నా మీద పడతాయండి. దాన్ని వెనక్కి తీసుకోండి. మీ లంక బడి నేను చూసుకుంటాను."

నేను వెంటనే ఒప్పుకోలేదు. కప్పు కింద పెట్టి నడిచాను. కొట్టు మెట్లు దిగిన మనిషిని మూడో అడుగులో పిలవాలి. అంతకుముందు పిలిస్తే అలుసు, ఆ తర్వాత పిలిస్తే అందడు. మంత్రిగారికి ఆ లెక్క ఎవరు నేర్పారో గానీ, సరిగ్గా మూడో అడుగులో పిలిచారు.

"అలా వెళ్లిపోతారేంటండీ? సరే, ఇంకో రెండు బళ్లు చెప్పండి."

"మూడు."

"మూడూ మీవేనండి."

ఒక ప్రశ్నకి నాలుగు బళ్లు. సభలో నా నంబరు పిలిచినప్పుడు లేచి, "ఉపసంహరించుకుంటున్నాను అధ్యక్షా" అని కూర్చున్నాను. ఆ రోజంతా నా కాలు ఊగలేదు.

మధ్యాహ్నం టీచరమ్మగారి ఫోను. "మాస్టారూ, పిల్లల తల్లిదండ్రులూ నేనూ అందరం బళ్లో సెల్లు పెట్టుకుని చూసేమండి. తమరు లేచేరు, ఏదో అన్నారు, కూచున్నారు. సిగ్నలు పోయిందనుకుని మళ్లీ వేసి చూసేమండి. మళ్లీ అంతేనండి."

"కంగారు పడకండమ్మా. పని అయిపోయింది. పక్కకి పిలిచి మాటిచ్చారు."

"ఎవరి ముందండి?"

"ఎవరి ముందో ఎందుకమ్మా, నాకే ఇచ్చారు."

"ఆయ్" అన్నారు ఆవిడ. మా వైపు అది ఒప్పుకోలు మాట. ఆవిడ ఒప్పుకున్నట్టు మాత్రం నాకు వినపడలేదు.

వేసవి సెలవుల తర్వాత కలిపేసే బళ్ల జాబితా వచ్చింది. నాలుగు బళ్లూ అందులో ఉన్నాయి. నేను మంత్రిగారి దగ్గరికి పరుగెత్తాను. గదిలో కూర్చోలేక, కుర్చీ వెనక అటూ ఇటూ తిరుగుతూనే మాట్లాడాను.

"చూస్తానన్నాను మాస్టారూ, చూశాను. అప్పటికే ఫైలు పైకెళ్లిపోయింది."

"మాటిచ్చారు కదండీ."

"రికార్డులో ఉందాండీ?"

వెటకారంగా అనలేదు. నిజంగానే అడిగారు. సభలో మంత్రి నోటివెంట వచ్చిన మాటైతే హామీల కమిటీకి వెళ్తుంది, అధికారులు రాతపూర్వకంగా జవాబు చెప్పుకోవాలి. సభలో జరిగింది రాసే రిపోర్టరు ఒకావిడ నాకు పాత శిష్యురాలు. ఆవిడ దగ్గరికి వెళ్లి ఆనాటి కాగితం తీయించాను. నా ప్రశ్న నంబరు ఎదురుగా ఒకే వాక్యం ఉంది: సభ్యులు ఉపసంహరించుకున్నారు.

"లాబీలో మాటలు మేం రాయం కదా సార్" అంది.

జూలైలో లంకకి వెళ్లాను. మొదటిసారి. ప్రశ్న రాసినప్పుడు వెళ్లలేదు, బేరం చేసినప్పుడూ వెళ్లలేదు. గోదావరికి వరద ఎర్రనీరు వచ్చేసింది. పొద్దున్నే పిల్లలు పడవలో గట్టు మీది బడికి బయల్దేరుతున్నారు. టీచరమ్మగారిని కూడా ఆ బడికే మార్చారు కాబట్టి ఆవిడా రోజూ వాళ్లతోనే దాటుతున్నారు. నేను మధ్య బల్ల మీద కూర్చున్నాను. పిల్లలు సంచులు ఒళ్లో పెట్టుకుని, ఒక్కొక్కరూ పక్కవాడి చొక్కా పట్టుకున్నారు.

"ఎందుకలా పట్టుకున్నారమ్మా?" అని ఒక పిల్లని అడిగాను.

"మేడంగారు పట్టుకోమన్నారండి. ఎవరైనా పడితే పక్కోళ్లకి తెలుస్తాదంటండి."

నీటి ఒరవడికి పడవ కిందికి కొట్టుకుపోతూ, మళ్లీ ఎదురెక్కుతూ నడుస్తోంది. నా కాలు నాకు తెలియకుండానే మొదలెట్టింది. "బాబ్బాబు, కదలకండి మాస్టారూ, మండలి కాదండి ఇది" అన్నాడు పడవ నడిపేవాడు. పిల్లలు నవ్వారు. గట్టు చేరేసరికి గడియారం చూశాను. పద్దెనిమిది నిమిషాలు.

పదిమందే దిగారు. "మిగతావాళ్లేరమ్మా?" అన్నాను.

"చిన్నోళ్లని తల్లులు పంపట్లేదండి. పంపమని నేనూ గట్టిగా అనలేకపోతన్నానండి." ఆవిడ చీర కుచ్చెళ్లు పిండుకుంటూ అన్నారు. "మాస్టారూ, నేను తమరి ఓటరుని కూడా కాదండి. ప్రైమరీ టీచర్లకి ఆ ఓటు లేదు కదండీ. అయినా అడుగుతన్నాను. ఈసారి ఎవరి చెవిలోనూ చెప్పకండి."

కారులో తిరిగొస్తూ ఆ మాటే తిరగేసుకున్నాను. ఆవిడ చేతిలో ఓటుంటే నేను ఆ మూడో అడుగులో ఆగేవాణ్ణా? ఆగేవాణ్ణి కాదేమో. ఈ జవాబు నాకు నచ్చలేదు, కానీ ఇంకోటి దొరకలేదు.

తర్వాతి సమావేశాల్లో చదువుల మీద చర్చ పెట్టారు. సాగునీటి నిమిషాలు, రోడ్ల నిమిషాలు అన్నీ ఇచ్చేసి ఆరు నిమిషాలు పోగేశాను. నమస్కారాలు మానేసి నేరుగా పడవ దగ్గర మొదలుపెట్టాను. చొక్కాలు పట్టుకున్న సంగతి చెప్పినప్పుడు సభలో కబుర్లు ఆగాయి. మంత్రిగారు లేచి, "గౌరవ సభ్యులు చెప్పిన అంశాన్ని పరిశీలిస్తాం" అన్నారు.

నేను కూర్చోలేదు. "పరిశీలించడం నాకు చాలదు అధ్యక్షా."

గంట మోగింది. అధికార పక్షం నుంచి ఎవరో, "ఇది బట్టల కొట్టు కాదు మాస్టారూ" అన్నారు. అందరూ నవ్వారు.

"కొట్టులా బేరమాడే పోగొట్టాను అధ్యక్షా. పోయినసారి నా ప్రశ్నని లాబీలో మాటకి అమ్ముకున్నాను. తప్పు నాది. అందుకే ఇవాళ అందరి ముందూ అడుగుతున్నాను. నది అడ్డున్న చోట కిలోమీటరు లెక్క చెల్లదని ఒక్క మాట చెప్పమనండి."

ఆ ఒప్పుకోలు రాసుకొచ్చింది కాదు. నోటివెంట వచ్చేసింది. మంత్రిగారి ముఖం మారింది. చైర్మన్‌గారు మళ్లీ గంట కొట్టారు.

"వరద నెలల్లో ఆ లంక బడి అక్కడే నడిపిస్తాం."

"వరద నెలలంటే ఎన్నండీ?"

"అక్టోబరు దాకా."

"ఏడాదంతా కావాలండి."

"ఈ విద్యా సంవత్సరం వరకు అక్కడే నడిపిస్తాం. ఇక కూర్చోండి మాస్టారూ."

నా శిష్యురాలి చెయ్యి కదులుతోందో లేదో చూశాను. రాస్తోంది. అప్పుడు కూర్చున్నాను.

సాయంత్రానికల్లా 'ప్రశ్న అమ్ముకున్న మాస్టారు' అంటూ నా వీడియో ముక్క వాట్సాప్‌లో తిరగడం మొదలైంది. వచ్చే ఎన్నికల్లో నా మీద నిలబడేవాళ్లు ఇక కరపత్రం వేయించుకోనక్కర్లేదు. మా ఇంటావిడ అది రెండుసార్లు చూసి, "ఈ చొక్కా మీకు బాలేదండి" అని ఊరుకుంది.

లంక బడి మళ్లీ తెరిచాక చూడ్డానికి వెళ్లాను. టీచరమ్మగారు పిల్లల చేత ఎక్కాలు చెప్పిస్తున్నారు. పంతొమ్మిది మందిలో పదిహేడు మంది ఉన్నారు. మిగతా ఇద్దరి కుటుంబాలు ఈలోపే గట్టు మీదికి మారిపోయాయి. అరుగు మీద ఒకటో తరగతి పిల్ల తల్లి నా కోసమే కనిపెట్టుకుని ఉంది.

"మాస్టారండీ, మాటొకటి. వచ్చే ఏడు ఈ బడి ఉంటాదాండీ? మా ఆయన గట్టు మీద అద్దెకి ఇల్లు చూస్తన్నాడండి. చూడమంటారా, వద్దంటారా?"

లోపల ఎక్కాలు ఆగాయి. టీచరమ్మగారు కూడా వింటున్నారు. ఉంటుందని చెప్పడం ఎంత తేలికో నాకు తెలుసు. అలాంటి మాటలు ఎన్ని చెప్పలేదు?

"చూడమనమ్మా. అడ్వాన్సు మాత్రం ఇవ్వొద్దను."

ఆవిడ నన్ను, తర్వాత టీచరమ్మగారిని చూసింది. "ఎప్పటిదాకా ఇవ్వొద్దంటారండి?" అంది.

వచ్చే ఏటి సంగతి మళ్లీ సభలోనే అడగాలి, ఆ సమావేశాలు ఎప్పుడో ఇంకా ప్రకటించలేదు. ఆ మాటే ఆవిడతో చెప్పాను.