వాసన లేని మందు

ఇరాక్ సైన్యం కువైట్‌ను ఆక్రమించిన ఏడాది నాకు పదిహేనేళ్లు. బడి పరుగుపందెం జట్టులో ఉండేదాన్ని. పరిగెత్తితే ఛాతీలో ఈలలు మోగేవి. డ్రిల్ మాస్టారు దానికి బద్ధకమని పేరు పెట్టారు. డాక్టరు మాత్రం ఉబ్బసమని నోట్లో కొట్టుకునే పంపు ఇచ్చారు.

ఒక ఉదయం కువైట్‌లో మేముండే ఖైతాన్ పేటలో నాన్నతో రొట్టెల కోసం నిలబడి ఉండగా సైనికులు గాల్లోకి తుపాకులు పేల్చారు. పరుగో పరుగు! మొదటిసారి అందరికంటే ముందున్నాను, చూడటానికి మాస్టారు లేరు. మలుపులో ఊపిరాడక కూలబడి పంపు తీస్తే, అక్కడి కాపలా సైనికుడు లాక్కున్నాడు. దుకాణాలన్నీ ఊడ్చినా ఆశ తీరని వీరుడు. అత్తరనుకుని కాలరు మీద కొట్టుకుని వాసన చూశాడు.

"దవా! దవా! అది మందు సామీ, బిడ్డ సచ్చిపోతాది!" వెనకే పరిగెత్తుకొచ్చిన నాన్న అరబ్బీలో మొదలుపెట్టి కడపలో తేలారు.

వాసన రాలేదు. నకిలీ సరుకు అంటగట్టానన్నట్టు నన్ను అసహ్యంగా చూసి, పంపును నా ఒళ్లోకి విసిరేశాడు.

"పీల్చు పాపా, యల్లా!" నాన్న తొందరపెట్టారు.

పీల్చాను. కాసేపటికి ఊపిరి అందింది.

ఈ సంగతి విన్నవాళ్లు "ఎంతైనా అతనిలోనూ మానవత్వం ఉంది" అంటుంటారు. ఆ మందుకు మల్లెపూల వాసన ఉండి ఉంటే, ఆ మానవత్వం ఏపాటిదో తేలేది.