బాణం ఫిరంగికి హారతి

అమెరికా ఎడారి ఊరు చాండ్లర్‌లో తెలుగువాళ్ళు కొత్త కారు కొంటే సరాసరి ఇంటికి తీసుకుపోరు. ముందు వసంతలక్ష్మి వాకిట్లో ఆపుతారు. ఆవిడ చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, బానెట్ మీద పసుపు కుంకుమలద్ది, దిష్టి తీసి కొబ్బరికాయ కొట్టి, కర్పూర హారతి ఇస్తేనే అది కారు. గుడి నుంచి పూజారిగారిని పిలవాలంటే అపాయింట్‌మెంట్ కావాలి. వసంతలక్ష్మికి ఓ కాఫీ ఇస్తే చాలు. ఆ కాఫీ కూడా ఆవిడే కలిపి వాళ్ళకిస్తుంది, మహాతల్లి.

కొత్త ఇల్లు, కొత్త లాప్‌టాప్, కొత్త కుట్టుమిషను, ఒకసారి ఎవరిదో వీసా ముద్ర పడిన పాస్‌పోర్టు, అన్నిటికీ ఆవిడ హారతి పట్టింది. ఆవిడకి ఒకటే పట్టింపు. వెలిగించిన హారతి మధ్యలో ఆరకూడదు. గాలేస్తే పమిట అడ్డం పెట్టేది. వేళ్ళు చురుక్కుమన్నా పళ్ళెం దించేది కాదు. దానంతట అది కొండెక్కాల్సిందే.

మొగుడు రాధాకృష్ణ కంప్యూటర్ చిప్పుల ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యాడు. దుమ్ము పడకూడదని నిలువెల్లా తెల్ల ముసుగేసుకుని బతికిన మనిషి, పని మానగానే గరాజ్‌లో చేరి ఇనుప రజనులో పొర్లాడాడు. మంచివాడే. తప్పు చేశానని మాత్రం నోటితో ఒప్పుకోడు. డ్రైవ్ చేస్తూ దారి తప్పినా, "ఇటే వెళ్దామనుకున్నా" అనేవాడు. వసంతలక్ష్మి నవ్వి ఊరుకునేది. పెళ్ళాలు అలా ఊరుకోబట్టే మగాళ్ళు ముదిరిపోయారు.

ఓ ఏడు, పాతకాలం యూరప్ వేషాలు కట్టి జరిపే జాతరకెళ్ళి, అక్కడో ఫిరంగిని చూసి మతి పోగొట్టుకున్నాడు. అది పొడుగు గొట్టం కాదు. పచ్చడి జాడీని పక్కకి పడుకోబెట్టినట్టుంటుంది. లావు పొట్ట, సన్నటి మెడ. ఫిరంగులు కొత్తగా పుట్టినప్పుడు కొన్నిటితో గుండ్లు కాకుండా బాణాలు వేసేవారట. ముందు మెడలోంచి పొట్టలోకి తుపాకి మందు కూరతారు. తర్వాత మెడకి బిర్రుగా పట్టేట్టు బాణం కాడకి తోలు చుట్టి లోపలికి దిగ్గొడతారు. పొట్ట మీది బెజ్జంలో ఎర్రగా కాల్చిన తీగ పెడితే, లోపల మందు అంటుకుని బాణం లేచిపోతుంది.

"విల్లు లేకుండా బాణమేవిటండీ, విడ్డూరం కాకపోతే?" అంది వసంతలక్ష్మి.

"నీకర్థం కాదులే. చూస్తూండు."

ఎండాకాలమంతా గరాజ్‌లో కూర్చుని కంచు ఫిరంగి చేశాడు. ఎడారిలోకి తీసుకెళ్ళి, పాత తలుపొకటి నిలబెట్టి పేల్చి చూశాడు. తిరిగొచ్చాక ఆ తలుపు కారులోంచి దించి గోడకి ఆనించాడు. బాణం ఈ వైపు దూరి ఆ వైపు పోయింది. ఆ కంతలోంచి వెనక గోడ కనబడుతోంది. వసంతలక్ష్మి అందులో వేలు పెట్టి, చటుక్కున తీసేసింది.

దీపావళి దగ్గరపడ్డాక తెలుగు సంఘం సెక్రటరీ ఉమ వచ్చింది.

"అంకుల్, ఈసారి నరకాసురుణ్ణి మీ ఫిరంగితో కొట్టిద్దాం! పర్మిషన్ తెచ్చేశా. ఒక్కటే కండిషన్. జనం వెనక్కి జరిగాకే మందు పొయ్యాలి. ఆంటీ, మీరు ముందు హారతివ్వాలి. ఆయుధం కదా!"

"ఖాళీదానికైతేనే ఇస్తా" అంది వసంతలక్ష్మి, మొగుడి వైపు చూస్తూ. "మాటివ్వండి."

"ఖాళీగానే ఉంటుంది లేవోయ్. నాకు తెలీదూ?"

చాండ్లర్‌లో నరకాసురుడు శనివారమైతే గానీ చావడు. మిగతా రోజులు అందరికీ ఆఫీసులు. ఊరి బయట గుర్రాలు కట్టే ఖాళీ స్థలంలో అట్టపెట్టెల అసురుణ్ణి నిలబెట్టారు. పొద్దు వాలుతోంది. గాలి ఉండుండి విసురుతోంది. కట్టేసిన గుర్రాలు ఎందుకో గిట్టలతో నేల గీరుతున్నాయి. జనం ఫిరంగి చుట్టూ మూగారు. మనవరాలు నిధి సరిగ్గా దాని మూతికెదురుగా ఫోను పట్టుకుని నిలబడింది.

వసంతలక్ష్మి ఫిరంగి పొట్టకి పసుపు రాసింది. మెడలో బాణం అప్పటికే దిగ్గొట్టి ఉంది.

"బాణం పెట్టేశారేం?"

"ఫొటోలకి."

బెజ్జం పక్కన కుంకుమ పెడితే వేలికి నల్లగా అంటింది. "ఇదేంటి?"

"పాత మసి."

"లోపల?"

"ఖాళీయే. కానియ్, అందరూ చూస్తున్నారు."

ఆవిడ కర్పూరం వెలిగించింది. ఉమ పాటెత్తుకుంది. పళ్ళెం ఒక చుట్టు తిరిగింది. హారతిచ్చినప్పుడల్లా రాధాకృష్ణ పక్కనే నిలబడి, కళ్ళకద్దుకోడానికి చెయ్యి చాపుకుని ఉంటాడు. ఆవేళ పక్కన లేడు. మెల్లిగా నిధి దగ్గరికి జరుగుతున్నాడు.

"నిధీ, ఇటు రా. పక్కకి రామ్మా" అంటున్నాడు, ఎవరికీ వినపడకుండా.

"వెయిట్ తాతా, వీడియో తీస్తున్నా."

"రమ్మంటుంటే!"

గాలి విసిరింది. మంట వాలి బెజ్జం వైపు నాలిక చాపింది. వసంతలక్ష్మి పళ్ళెం వెనక్కి లాక్కుని, అరచేత్తో మంట మీద బలంగా అదిమింది.

పాట ఆగిపోయింది. "అయ్యో, ఆర్పేశారు!" అంది ఎవరో.

"మందు పోశారా?" అంది ఆవిడ.

ఆయన నిధిని ఇంకో అడుగు పక్కకి జరపబోయాడు.

"మిమ్మల్నే. పోశారా లేదా?"

"ఇంతమందిలో డబ్బా తెరవడం డేంజరని... ఇంటిదగ్గరే... చెబితే నువ్వు కంగారుపడతావని..."

నిధిని రెక్క పట్టుకుని ఇవతలికి లాగింది. జనాన్ని కసిరి వెనక్కి తోలింది. కలశం తెచ్చి నీళ్ళన్నీ బెజ్జంలో పోసింది. నల్లటి నీళ్ళు పసుపు మీదుగా కారాయి. అప్పుడు చూసుకుంది, అరచెయ్యి బొబ్బలెక్కింది.

నరకాసురుడు చావలేదు. చీకటి పడుతుంటే అట్టపెట్టెలు మడిచి ఎవరి వ్యాన్‌లోనో పడేశారు. "కాస్త పక్కకి జరిగి ఇవ్వాల్సింది ఆంటీ, ఆర్పకుండా" అంది ఉమ, మొహం తిప్పుకుని. చలికాలంలో ఆఫీసుల్లో లేఆఫ్‌లొచ్చాయి. ఆరిన హారతి వల్లేనన్నారు. ఉద్యోగాలు పీకేసినవాడికి వీళ్ళ కర్పూరం సంగతి తెలుసా పాడా? అయినా కొత్త కార్లు ఆవిడ వాకిట్లో ఆగడం మానేశాయి.

ఆవిడకి అదేం బాధ కాలేదు. బాధల్లా ఒకటే. ఇంతకాలం దారి తప్పితే నవ్వింది. ఇప్పుడు ఆయన "గ్యాస్ కట్టేశా" అన్నా వెళ్ళి చూసొస్తోంది.

రాధాకృష్ణ ఫిరంగిని కడిగి, తుడిచి, గరాజ్‌లో దిమ్మ మీద పెట్టాడు. మూతి వాకిలి వైపుంది. ఓ ఉదయం నిధి వాకిట్లో సుద్దముక్కలతో బొమ్మలు గీస్తోంది. గరాజ్ తలుపు ఎత్తి ఉంది. ఫిరంగి మెడలో బాణముంది.

"అదెందుకు పెట్టారు?"

"అందంగా ఉంటుందని. లోపలేం లేదులే" అన్నాడాయన, ఫోనులోంచి తలెత్తకుండా.

ఆవిడ రెండోసారి అడగలేదు. నిధిని లోపలికి పిలిచింది. తలుపు దించింది. చెంబుతో నీళ్ళు తెచ్చి బెజ్జంలో పోసింది.

అది మొదలు రోజూ పొద్దున్నే పోస్తోంది. వచ్చే నీళ్ళు తెల్లగా ఉన్నాయో నల్లగా ఉన్నాయో మాత్రం వంగి చూడదు. ఫిరంగి పచ్చగా చిలుమెక్కుతోంది. ఎందుకెక్కుతోందని ఆయనా అడగడు.