ముద్ర పడని వేళ్ళు

గేటు దగ్గరి హాజరు యంత్రం ఆమె వేలిని గుర్తుపట్టదు. తుడిచి, ఊది, మళ్ళీ నొక్కుతుంది. ఊహూఁ. రోజంతా పనిచేసినా లెక్కలో సెలవే పడుతుంది. "దీనికి నా మీద ఏం కోపమో," అని నవ్వేసి లోపలికి పోతుంది. విజ్ఞానాన్నీ చరిత్రనూ ప్రయోగాలు చేసి చూపించే టీవీ కార్యక్రమంలో, ప్రతి ప్రయోగాన్నీ కెమెరా రాకముందే చేసి చూడడం ఆమె పని. అందరికీ ట్రయలక్క. పాతకాలపు గోడ కోసం సున్నం కలిపేదీ, తుప్పు నాణేలను యాసిడ్‌లో కడిగేదీ ఆమె ఉత్త చేతులే. తొడుగులు మాత్రం యాంకరమ్మకి. తెరమీద కనబడేవి ఆ చేతులు కదా! పని కాగానే ట్రయలక్క వేళ్ళకు నూనె రాసుకుని, టీ గ్లాసును రెండు మణికట్ల మధ్య పట్టుకుని తాగుతుంది.

మొన్న వేలిముద్రల చరిత్ర మీద షూటింగు. అందరి వేళ్ళకూ సిరా పూసి కాగితం మీద నొక్కించారు. అందరివీ గీతలు పడ్డాయి. ఆమెవి మాత్రం పది నల్లటి మచ్చలు.

"ఇక హాయిగా దొంగతనాలు చేసుకోవచ్చక్కా!" అన్నాడు కెమెరామన్.

యాంకరమ్మ ఆ చేతిని లైటు కిందికి తిప్పి చూసింది. వేళ్ళ కొసలు గాజుపెంకులా నున్నగా ఉన్నాయి.

"ఎప్పట్నించక్కా ఇలా?"

"ఏమోనమ్మా. నీ చెయ్యి కాలకుండా చూడటమే నా పని. నా చెయ్యి ఎవరు చూశారు?"

"ఆ కాగితం తీసేయండి, షాట్ పాడవుతుంది," అన్నాడు డైరెక్టరు. తీసేశారు.

ఆ భాగం ఈ ఆదివారం మీ ఇంట్లోకి వస్తుంది. తెర అడుగున ఫోన్ నంబరు వేస్తారు. దయచేసి ఫోన్ చేసి అడగండి: ముందుగా చేసి చూసే మనిషికి తొడుగులు ఇచ్చారా? ఇచ్చేదాకా అడగండి.